దాన్బీ తప్పులు

నవంబరు 7, బుధవారం

దాన్బీకి ఇంటికొచ్చి ట్యూషన్ చెప్పే గు టీచర్ నాలుగూ ఇరవైకి వచ్చింది. పది నిమిషాలు ఆలస్యం. లెక్కలు పదిహేను నిమిషాలు, భాష పదిహేను, చైనా అక్షరాలు పది. వచ్చే బుధవారానికి మూడు కొత్త వర్క్‌బుక్కులు ఇచ్చి వెళ్ళింది. మూడూ కలిపి రోజుకు పది పేజీలు. వెనకనున్న జవాబుల కాగితాలు చింపి బియ్యం డబ్బా వెనక దాచాను.

పోయిన వారం డెబ్బై పేజీలకు డెబ్బై పూర్తి. తప్పులు పదకొండు. అందులో తొమ్మిది ఒకటే రకం. భాగహారంలో మధ్యన వచ్చే సున్నాను దాన్బీ వదిలేస్తుంది. 618ని 6తో భాగించమంటే 103కు బదులు 13 వేస్తుంది. వేసి, దిద్దడానికి నా ముందు పెట్టి, నా ఎర్ర పెన్సిలు వంక చూస్తూ నిలబడుతుంది.

దాన్బీ నాన్న ఒసొంగ్‌లో గది తీసుకుని వెళ్ళిపోయి ఈరోజుకు అరవై మూడు రోజులు. విడిపోవడానికి ఇద్దరం ఒప్పుకున్నాం, అందులో గొడవ లేదు. గొడవంతా దాన్బీ ఎవరి దగ్గర ఉండాలన్నదే. ఫిబ్రవరిలో కోర్టు నుంచి ఒకావిడ ఇంటికి వచ్చి చూసి, దాన్బీతో మాట్లాడి నివేదిక రాస్తుందట. సలహా కేంద్రంలో లాయరమ్మ చెప్పింది: "తల్లి రోజూ పిల్లకు ఏం చేస్తోందో కనబడాలండి. కాగితం మీద ఉంటే ఇంకా మంచిది."

కాగితం మీద అంటే నాకంటే ఎక్కువ ఎవరి దగ్గర ఉంటుంది. ఒకటో తరగతి నుంచి దాన్బీ చేసిన ప్రతి వర్క్‌బుక్కూ నేను దిద్ది, తేదీ వేసి దాచాను. పదకొండు పెట్టెలు.

అతని దగ్గర ఏముంది?

నవంబరు 15, గురువారం

కాలేజీ ప్రవేశ పరీక్ష ఈరోజు. రాసే పిల్లలకు దారిలో రద్దీ తగలకూడదని ఆఫీసులన్నీ గంట ఆలస్యంగా తెరిచారు. పొద్దున్నే స్కూలు గేటు దగ్గర తల్లులు చేతులు జోడించి నిలబడి ఉండటం టీవీలో చూపించారు. ఇంకో ఎనిమిదేళ్ళకు నేనూ అక్కడ నిలబడాలి. ఎనిమిదేళ్ళంటే ఎంతలో గడిచిపోతాయి.

గురువారం చెత్త వేరుచేసే రోజు కూడా. పిల్లలు ఐదో తరగతికి వెళ్ళేలోపు ఇంట్లోంచి కామిక్సు తీసెయ్యాలి. మా బ్లాకులో ప్రతి తల్లీ చేసిన పనే ఇది. సైన్సు కామిక్సు చదివే పిల్లలకు అగ్నిపర్వతాల పేర్లన్నీ వస్తాయి, బొమ్మల్లేని పేజీ చూస్తే మాత్రం ఆవలింతలు వస్తాయి. దాన్బీ పొడుగు పేరాలు వదిలేస్తోందని గు టీచర్ కూడా రెండుసార్లు అంది. 'బావి కప్ప సైన్సు' నలభై సంపుటాలు, పదేసి చొప్పున నాలుగు కట్టలు కట్టి కిందికి దించాను.

కాపలా పెద్దాయన కట్టలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొత్తవాటిలా ఉన్నాయి కదమ్మా, పక్కింటి పిల్లలకు ఇవ్వొచ్చుగా."

"పక్కింట్లో ఉంటే ఇది అక్కడికి వెళ్ళి చదువుతుంది. కాగితాల్లో వేసెయ్యండి."

"కప్ప పాపం ఏం చేసిందో" అని నవ్వుతూ బండి మీదికి ఎత్తాడు.

దాన్బీ నాన్న కొన్నవని కాదు. ఆ మాట ఎవరూ అనలేదు. నేనే ఎందుకు రాస్తున్నానో.

దాన్బీ స్కూలు నుంచి వచ్చి ఖాళీ అర ముందు నిలబడింది.

"ఇరవై మూడో పుస్తకం కూడానా?"

"అన్నీ."

"సరే" అని బల్ల దగ్గర కూర్చుని లెక్కలు తెరిచింది. ఏడవలేదు. ఏడుస్తుందని రెండు రోజులుగా నేనే అనవసరంగా భయపడ్డాను. పెద్దదవుతోంది.

నవంబరు 28, బుధవారం

డెబ్బైలో యాభై రెండు.

కడుపునొప్పి అంది. డాక్టరు ఏమీ లేదన్నాడు. రేగి పళ్ళు మరిగించి ఇచ్చాను.

డిసెంబరు 2, ఆదివారం

నెలలో మొదటి వారం, మూడో వారం శని ఆదివారాలు దాన్బీ వాళ్ళ నాన్న దగ్గర ఉంటుంది. వర్క్‌బుక్కులు సంచిలో పెట్టి పంపాను. ఇరవై పేజీలూ ఖాళీగా తిరిగొచ్చాయి. ఫోను చేశాను.

"రెండు రోజులు వస్తుంది. ఆ రెండు రోజులూ భాగహారాలేనా?" అన్నాడు.

"మరి ఏం చేయిస్తున్నావు?"

"చేయించడమేంటి. కిటికీ దగ్గర కూర్చుంటుంది. రైళ్ళు పోతుంటే చూస్తుంది."

"రెండు రోజులూనా?"

"నూడుల్స్ వండితే తింటుంది. సినిమాకు పోదామా అంటే నీ ఇష్టం అంటుంది. అక్కడ ఇలాగే ఉంటోందా?"

"ఇక్కడ బాగానే ఉంది" అన్నాను.

అతను, "ఇరవై మూడో పుస్తకం పంపించు. సగంలో ఆగిపోయాం. నేను వచ్చేసిన రోజు పొద్దున, రాత్రికి మిగతాది చదువుతానని పేజీ మడిచి పెట్టాను. కప్ప గొంతు నేనే చేయాలట, అదొక్కతే చదవదట" అన్నాడు.

నేను లేదని చెప్పాను.

"లేదంటే?"

"ఐదో తరగతికి వస్తోంది కదా. తీసేశాను."

అతను అరుస్తాడనుకున్నాను. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఎన్నోసార్లు అరిచాడు. ఈసారి అరవలేదు. "యోన్సుక్, అది నన్నడిగితే నేనేం చెప్పను?" అని ఫోను పెట్టేశాడు.

డిసెంబరు 6, గురువారం

రైల్వే స్టేషను వెనక పాత పుస్తకాల దుకాణంలో ఇరవై మూడో సంపుటి దొరికింది. మూడు దుకాణాలు తిరిగాను. లోపల ఎవరో పిల్లవాడి పేరు రాసి ఉంటే కాగితం అంటించి కనబడకుండా చేశాను. దాన్బీ దిండు మీద పెట్టాను.

స్కూలు నుంచి వచ్చి పేజీలు తిప్పింది. "దీంట్లో మడత లేదు" అంది. "థాంక్స్ అమ్మా" అని కూడా అంది. తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టేసింది.

డిసెంబరు 12, బుధవారం

గు టీచర్‌కు జలుబు, రాలేదు. వచ్చే వారం రెండు వారాలవీ కలిపి చూస్తానంది.

మిగిలిపోయినవి లెక్కపెట్టాను. నూట ఆరు పేజీలు. ఒకటో తరగతి నుంచి ఇలా ఎప్పుడూ లేదు. దాన్బీ పెన్సిలు పట్టుకుని కూర్చుంటుంది, లేవమన్నాక లేస్తుంది. వద్దని అనదు. అంటే తిట్టొచ్చు.

ఈ రెండు నెలల్లో ఇంత ఖాళీ కనబడితే కోర్టు ఆవిడ ఏమనుకుంటుంది?

పేజీల మీద తేదీలు మాత్రం వేశాను. తేదీలు ఎవరు వేస్తేనేం.

డిసెంబరు 13, గురువారం

తేదీ ఉండి పేజీ ఖాళీగా ఉంటే మరీ బాగోలేదు. దాన్బీ స్కూల్లో ఉండగా నాలుగు పేజీలు పూర్తిచేశాను. ఒకటీ రెండూ దాన్బీ మొదలుపెట్టి వదిలేసినవే. నేను ముగించానంతే.

దాని ఎనిమిది రెండు మంచు ముద్దలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటుంది. కింది ముద్ద చిన్నది. పడిపోతుందేమో అన్నట్టు ఉంటుంది.

డిసెంబరు 14, శుక్రవారం

ఇరవై ఆరు పేజీలు.

అన్నీ సరిగ్గా ఉంటే ఎవరు నమ్ముతారు. 824ని 8తో భాగించి 13 వేశాను. వేశాక ఎర్ర పెన్సిలు తీసి తప్పని ఏటవాలు గీత పెట్టాను. పక్కన రబ్బరుతో చెరిపి, దాన్బీ చేతిరాతతో 103 వేశాను. ఒప్పని దాని మీద ఎర్ర సున్నా చుట్టాను. దాన్బీ గట్టిగా చెరుపుతుంది, కాగితం కాస్త చిరుగుతుంది. అలాగే చిరిగేలా చెరిపాను.

ఏ లెక్క ఎక్కడ తప్పు చేస్తుందో నాకు ముందే తెలిసిపోతోంది. చైనా అక్షరాల్లో 'తల్లి' అన్నదాంట్లో రెండు చుక్కలు మరిచిపోయి ఒకటే పెడుతుంది. 'ఇల్లు' బాగా రాస్తుంది కానీ పైకప్పు పెద్దదైపోయి గడిలోంచి బయటికొస్తుంది. ఇవి చేస్తున్నంతసేపు దాన్బీ నా పక్కనే కూర్చుని గొణుగుతున్నట్టు ఉంది. ఈ మధ్య ఇంత హాయిగా ఏ మధ్యాహ్నమూ గడవలేదు.

నేను తప్పేమీ చేయడం లేదు. పిల్లకు ఒంట్లో బాగోలేదు, కోలుకునేదాకా తల్లి సాయం చేస్తోంది.

డిసెంబరు 17, సోమవారం

భాషలో ఒక్క పేజీ మిగిలింది. చిన్న కథ ఇచ్చారు. ఒక పిల్ల వాళ్ళ అమ్మమ్మ ఇంటి నుంచి బస్సులో తిరిగొస్తూ దారంతా మాట్లాడదు. కింద ప్రశ్న: పిల్ల ఎందుకు మాట్లాడలేదు? మీ సొంత మాటల్లో రాయండి. మూడు గీతలు.

గంటసేపు కూర్చున్నాను. దాన్బీ అయితే ఏం రాస్తుందో నాకు తోచలేదు.

"నిద్రొచ్చింది కాబట్టి" అని రాశాను.

డిసెంబరు 19, బుధవారం

గు టీచర్ నూట నలభై పేజీలు తిరగేసింది. పెన్ను వెనక భాగంతో అంకెల మీద నెమ్మదిగా రాస్తున్నట్టు కదిలించింది. "దాన్బీ, బాగా కష్టపడ్డావే. ఒక స్థాయి పైకి వెళదామా?"

దాన్బీ పుస్తకం వంక చూసింది. ఆ తర్వాత నా వంక చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. నేను బత్తాయి తొక్క వలుస్తున్నాను.

"సరే టీచర్" అంది.

టీచర్ నక్షత్రం బిళ్ళ ఇస్తే జేబులో పెట్టుకుంది. సాయంత్రం బట్టలు ఉతుకుతుంటే అది నా ఏప్రాన్ జేబులో దొరికింది.

డిసెంబరు 27, గురువారం

డెబ్బైకి డెబ్బై.

జనవరి 5, శనివారం

ముల్లంగి కిమ్చీ పట్టుకుని అక్క వచ్చింది. దాన్బీ వాళ్ళ నాన్న దగ్గర ఉంది. తలుపు తాళం అంకెలు అక్కకు తెలుసు కదా, గంట కొట్టకుండా వచ్చేసింది. బల్ల మీద పుస్తకాలు తీసేంత సమయం లేదు.

"ఏమే, ఈ వయసులో నాలుగో తరగతి పాసవుదామనా?"

"దిద్దుతున్నాను."

"దిద్దేదానికి నల్ల పెన్సిలు ఎందుకు?" అని నా పక్కన చతికిలబడింది. పేజీ లాక్కుంది. అక్క మార్కెట్లో ముప్ఫై ఏళ్ళుగా కూరలు అమ్ముతోంది, ఎవరి తక్కెడ ఎటు ఒరిగిందో దూరం నుంచే చెప్పేస్తుంది. "లెక్క తప్పు. ఒసే, నేను బడి మానేసినదాన్ని, నాకే తెలుస్తోంది ఇది తప్పని."

"తప్పే వేయాలి."

అక్క నవ్వడం మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేసింది.

"దాన్బీకి తెలుసా?"

"ఏం తెలియడం?"

"చూడు, చిన్నప్పుడు నీ లంచ్ డబ్బా నేను తినేసి రాళ్ళు పెట్టి మూత పెడితే నువ్వు అమ్మకు చెప్పలేదు. స్కూలుకు రాళ్ళే మోసుకెళ్ళావు. నీ కడుపున పుట్టిందే కదా అది." కిమ్చీ డబ్బా ఫ్రిజ్‌లో సర్దుతూ, "కోర్టులో ఎవరి మార్కులు చూపిస్తావే, దానివా, నీవా?" అంది.

అక్కకు చదువు లేదు. ఇవన్నీ అర్థం కావు.

జనవరి 16, బుధవారం

స్థాయి పరీక్ష. ముందే చెప్పలేదు. గు టీచర్ సంచిలోంచి రెండు కాగితాలు తీసి దాన్బీ ముందు పెట్టి, "అమ్మగారూ, మనం వంటింట్లో కూర్చుందాం" అంది.

ఇరవై నిమిషాలు. టీచర్ బార్లీ టీ తాగుతూ వాళ్ళ ముసలి కుక్క కంటి ఆపరేషను గురించి చెప్పింది. నేను ఒక్క మాట కూడా వినలేదు.

దాన్బీ పేరు రాసింది. తేదీ రాసింది. కింద ఏమీ లేదు. పెన్సిలు కాగితం పక్కన తిన్నగా పెట్టి ఉంది.

టీచర్ దాన్ని తిట్టలేదు. "ఈరోజుకు చాలు దాన్బీ" అని తల నిమిరింది. చెప్పులు వేసుకునే చోట, దాన్బీ గదిలోకి వెళ్ళాక, బూటు జిప్పు లాక్కుంటూ వంగే ఉండి మాట్లాడింది.

"దాన్బీ అమ్మగారూ, పద్దెనిమిదేళ్ళుగా ఇళ్ళు తిరుగుతున్నాను. అమ్మలు రాసింది నాకు తెలిసిపోతుంది."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి వారం నుంచే."

"మరి స్థాయి ఎందుకు పెంచారు?"

"మీరు ఆపుతారనుకున్నాను. కష్టమైతే ఆపేస్తారు చాలామంది." లేచి నిలబడింది. "చాలామంది అమ్మలు అన్నీ సరిగ్గా చేసి ఇస్తారు. మీరొక్కరే పిల్ల తప్పులు కూడా చేశారు. అచ్చం దాన్బీవే. కానీ అమ్మగారూ, అవి నవంబరులో దాన్బీ చేసిన తప్పులు. ఇప్పుడు దాన్బీ ఏం చేస్తోందో మీరు గానీ నేను గానీ చూశామా?"

పాత స్థాయి పుస్తకాలే మళ్ళీ ఇచ్చింది. "చేస్తే చేస్తుంది, లేకపోతే ఖాళీగానే ఇవ్వండి. నేనేమీ అనుకోను."

నేను వంగి నమస్కరించాను. ఆమె లిఫ్టు వచ్చేదాకా అటు తిరిగి నిలబడింది.

జనవరి 17, గురువారం

ఆపేశాను.

జనవరి 21, సోమవారం

కోర్టు ఆవిడ వచ్చి వెళ్ళేదాకా. ఆ తర్వాత పూర్తిగా ఆపేస్తాను. మధ్యలో ఆపితే జనవరి పదిహేడు దగ్గర గీత గీసినట్టు తెలిసిపోతుంది.

ఫిబ్రవరి 5, మంగళవారం

చాంద్రమాన సంవత్సరాది. బియ్యపు బిళ్ళల సూపు చేశాను. గిన్నె సూపు తింటే ఒక ఏడాది పెరిగినట్టు. దాన్బీ సగం గిన్నె తిని, "ఆర్నెల్లు పెరిగాను" అంది. నవంబరు తర్వాత దాన్బీ వేసిన మొదటి జోకు. తారీఖు కోసం రాసి పెడుతున్నాను.

ఫిబ్రవరి 13, బుధవారం

కోర్టు నుంచి వచ్చినావిడ పేరు థాక్. ముప్ఫై దాటి ఉండవు. గుమ్మంలో బూట్లు సర్ది మరీ లోపలికొచ్చింది. పెట్టెలన్నీ హాల్లో వరసగా పెట్టాను. నాలుగైదు పుస్తకాలు తీసి చూసింది.

"ఇవన్నీ మీరే దిద్దారా?"

"రోజూ."

"ఒక్క రోజు కూడా తప్పలేదే" అంది. మెచ్చుకుందో లేదో తెలియలేదు. తర్వాత దాన్బీ గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. నలభై నిమిషాలు. నేను పాలకూర కడిగాను. కడిగిందే మళ్ళీ కడిగాను. నీళ్ళ చప్పుడులో మాటలు వినపడవు.

ఆవిడ వెళ్ళాక అన్నం పెట్టాను. చుట్టిన గుడ్డు, ఎండు నెత్తళ్ళు, పాలకూర. అడగకూడదనే అనుకున్నాను.

"ఏం అడిగిందావిడ?"

"ఇంట్లో ఏం చేస్తావు, ఎవరితో ఆడతావు, అదీ ఇదీ."

"నువ్వేం చెప్పావు?"

"అమ్మ దగ్గరే ఉంటానని చెప్పాను."

దాని వీపు మీద చెయ్యి వేశాను. ఎముకలు తగిలాయి. "నీకు నిజంగా ఇక్కడే ఉండాలనుందా?"

"ఉండాలి కదా." నెత్తళ్ళలోంచి పెద్దవి ఏరి నా గిన్నెలో వేసింది. "వర్క్‌బుక్కులన్నీ నువ్వే చేశావా అని కూడా అడిగింది. ఆ, నేనే అన్నాను. రోజుకు ఎంతసేపు పడుతుందంది. రెండు గంటలు అన్నాను. నీకు అంతే కదా పట్టేది?"

నా గిన్నెలోని నెత్తళ్ళు తీసి దాని గిన్నెలో వేశాను.

"నేను నాన్న దగ్గరికి వెళ్ళిపోతే ఆ పుస్తకాలన్నీ నువ్వొక్కదానివే చేసుకుంటూ కూర్చుంటావు. అందుకని" అంది. మిగిలిన అన్నం మొత్తం తినేసింది. నెలన్నరగా గిన్నె ఖాళీ చేయని పిల్ల.

ఫిబ్రవరి 14, గురువారం

గెలిచాను అని రాయాలి. రాశాను.

ఫిబ్రవరి 16, శనివారం

దాన్బీ ఒసొంగ్ వెళ్ళింది. కోర్టు పని అయిపోయింది కాబట్టి నేను ఇక వర్క్‌బుక్కులు ముట్టుకోనక్కర్లేదు. అలవాటుగా కూర్చున్నాను. 721ని 7తో భాగించాలి. సున్నా వదిలేయాలి, 13 వేయాలి. వేయబోయి ఆగిపోయాను. దాన్బీ ఇప్పుడు ఈ సున్నాను వదులుతుందా? ఏమో, ఈపాటికి నేర్చుకుందేమో. స్కూల్లో నేర్పి ఉంటారు. అరవై ఐదు రోజులుగా అది ఏ లెక్క ఎలా చేస్తోందో నేను చూడలేదు.

దాన్ని నేను అబద్ధం చెప్పమనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు.

ఫిబ్రవరి 18, సోమవారం

కోర్టు కార్యాలయానికి వెళ్ళి ఒక కాగితం ఇచ్చాను. డిసెంబరు పన్నెండు నుంచి ఉన్న చేతిరాత నాదనీ, ఐదు వందల ఎనభై నాలుగు పేజీలనీ, తప్పులు కూడా నేనే వేశాననీ, నా కూతురు నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పిందనీ, దాన్ని వాళ్ళ నాన్న దగ్గర ఉంచడానికి నాకు అభ్యంతరం లేదనీ రాశాను.

కిటికీలో ఉన్న గుమాస్తా మొత్తం చదివాడు. "ఆంటీ, ఇది మీకే దెబ్బ కదా. లాయరుకు చూపించారా?"

"లేదు."

"ఇంటికెళ్ళి రెండు రోజులు ఆలోచించుకుని రండి. కాగితం ఎక్కడికీ పోదు."

"రెండు రోజులైతే ఇవ్వను బాబూ. ముద్ర వేసెయ్యి."

వేశాడు. బయట చలి. బస్టాపులో నిలబడి దాన్బీ నాన్నకు ఫోను చేసి చెప్పాను. అతను, "గది చిన్నది. అర కొనాలి. బల్ల కొనాలి" అన్నాడు. "జావ కాయడం ఎలాగో చెప్పు, ఒంట్లో బాగోలేనప్పుడు దానికి నువ్వు కాస్తావే, అది." బస్సు వచ్చేదాకా చెప్పాను. రెండు బస్సులు వదిలేశాను.

ఫిబ్రవరి 20, బుధవారం

గు టీచర్‌కు ఇక రావద్దని చెప్పాను. మధ్యాహ్నం దాన్బీని కూర్చోబెట్టి చెప్పాను. మార్చి నాలుగు నుంచి ఒసొంగ్ స్కూలు. నెలలో రెండు వారాంతాలు నా దగ్గర.

"నేను సరిగ్గా చెప్పలేదా ఆవిడకి?"

"సరిగ్గానే చెప్పావు."

"మరి?" కాసేపు తన వేళ్ళు చూసుకుంది. "నన్ను కూడా తీసేస్తున్నావా? ఐదో తరగతికి వెళ్ళేలోపు?"

ఈ మాట ఇక్కడ రాయకూడదనుకున్నాను. కానీ ఈ పుస్తకంలో కూడా చెరిపి రాస్తే నాకు ఇక ఎక్కడా చోటు ఉండదు.

"కాదు" అన్నాను. "నువ్వు నన్ను చూసుకుంటూ ఇక్కడ ఉండకూడదు దాన్బీ. నీకు పదకొండేళ్ళు. అది నీ పని కాదు. ఆ పుస్తకాలు తీసేసింది నా తప్పు. నీ పుస్తకాల్లో రాసింది ఇంకా పెద్ద తప్పు. నీకు నేను కావాలనిపించినప్పుడు రా. నాకు బాగోలేదేమోనని రావద్దు."

"నాకు నాన్న దగ్గర ఉండాలనే ఉంది" అంది. చాలా నెమ్మదిగా. "కానీ నువ్వంటే ఇష్టం లేక కాదు."

అప్పుడు ఏడ్చింది. నవంబరు పదిహేను ఏడుపు కూడా అందులో ఉంది. నాలుగూ పది నుంచి నాలుగూ యాభై దాకా. గడియారం ఎందుకు చూశానో తెలియదు. నా ఒళ్ళో తల పెట్టుకునే ఏడ్చింది, అది కూడా రాసుకుంటున్నాను.

మార్చి 2, శనివారం

బట్టలు రెండు పెట్టెలు. పరుపు ఒకటి. శీతాకాలపు కోటు చేతులు పొట్టివయ్యాయి, అయినా పెట్టాను. మంచి కిమ్చీ ఒక డబ్బా, అక్క ఇచ్చింది. కడుపునొప్పి మందు. జావ ఎలా కాయాలో కాగితం మీద రాసి వంట గిన్నెల్లో పెట్టాను.

దాన్బీ నాన్న రెండున్నరకు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నాక వచ్చాడు. హాల్లో పదకొండు పెట్టెలు చూసి, "ఇవీ పంపుతున్నావా?" అన్నాడు.

"వద్దు. మీ గదిలో చోటెక్కడ."

"అది నిజమే" అని పరుపు భుజాన వేసుకున్నాడు. "లిఫ్టులో పడుతుందంటావా?"

"నిలువుగా పెట్టు. అడ్డంగా పెడితే పట్టదు. ఎప్పుడూ అడ్డంగానే పెడతావు."

దాన్బీ నవ్వింది. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు ఎవరూ ఆపకపోతే ఎంతసేపు సాగేదో.

మూడూ ఇరవైకి బయల్దేరారు. దాన్బీ బూట్లు వేసుకుని, "పదహారో తేదీ శనివారం కదా?" అంది. అవునన్నాను. "పది గంటలకా?" అవునన్నాను. "అమ్మా, నువ్వు మధ్యాహ్నాలు ఏం చేస్తావు?" నిద్రపోతానన్నాను. నమ్మినట్టు తల ఊపింది.

దాన్బీ వెనక్కి తిరిగి చూడలేదు.

పై వాక్యం రాసి అరగంటయింది. అది నిజం కాదు. లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే పరుపు పక్కనుంచి తల వంచి, చివరిదాకా నా వైపే చూసింది. నేనే తల దించుకున్నాను.